ముఖానికి ఎంత టైమ్, లూట్ ఫిల్టర్‌కి ఎంత టైమ్? యాక్షన్ ఆర్పీజీల్లో లుక్స్, ఐటమ్ డిస్‌ప్లే ఎంచుకునే పద్ధతి

కొత్త ఆర్పీజీ (ఒక పాత్రని పెంచుకుంటూ ఆడే వీడియో గేమ్) మొదలుపెట్టగానే చాలామంది క్యారెక్టర్ క్రియేషన్ స్క్రీన్ దగ్గరే ఆగిపోతారు. ముక్కు వెడల్పు, దవడ వంపు, కనుబొమల మందం అన్నీ ఒక్కొక్కటిగా సరిచేసుకుని, రెండు గంటల తర్వాత ఆటలోకి అడుగుపెడతారు. కాసేపటికే ఒక ఇనప హెల్మెట్ దొరుకుతుంది. స్టాట్స్, అంటే బలం అంకెలు, బాగున్నాయి కాబట్టి పెట్టుకోక తప్పదు. అంతే, అంత కష్టపడి చెక్కిన ముక్కు ఆ తర్వాత కనిపించదు. ఇదే మనిషి, ప్రతి ఫైట్ తర్వాత నేల నిండా పడే ఐటమ్ పేర్లలో ఏది పనికొస్తుందో తెలియక అన్నీ ఏరుకుంటూ తిరుగుతాడు గానీ, లూట్ ఫిల్టర్, అంటే పనికిరాని ఐటమ్ పేర్లని దాచే సెట్టింగ్, తెరిచి పది నిమిషాలు గడపమంటే బద్ధకిస్తాడు.

నా సలహా ముందే చెప్పేస్తున్నా. ఆట మొత్తంలో మీ కంటికి ఎక్కువసేపు ఏది కనపడుతుందో దాని మీదే టైమ్ పెట్టండి. డబ్బు పెట్టాలనుకున్నా దాని మీదే పెట్టండి. అది తేల్చేది మొదట కెమెరా, తర్వాత ఆ ఆట పెట్టిన రూల్స్.

కెమెరా ఎక్కడుంది?

డయాబ్లో, పాత్ ఆఫ్ ఎగ్జైల్, గ్రిమ్ డాన్, లాస్ట్ ఎపోక్ లాంటి ఆటల్లో కెమెరా పైనుంచి, ఏటవాలుగా చూస్తుంది. మీ క్యారెక్టర్ స్క్రీన్ మధ్యలో బొటనవేలంత ఉంటుంది. అక్కడ కళ్ల రంగు ఎవరికీ కనపడదు. కనపడేవి భుజాల ఆకారం, చేతిలో ఆయుధం, వీపు మీద వేలాడే కేప్ లేదా రెక్కలు, మొత్తం మీద కొట్టొచ్చే రంగు. అందుకే ఈ రకం ఆటలు చాలావరకు ముఖం జోలికి పోవు. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో క్లాస్ ఎంచుకుంటే ముఖం, ఒళ్లు అన్నీ దాంతోపాటే వస్తాయి. లాస్ట్ ఎపోక్‌లోనూ అంతే. గ్రిమ్ డాన్‌లో ఆడో మగో ఎంచుకోవడం, పేరు పెట్టుకోవడంతో సరి. 2023లో వచ్చిన డయాబ్లో 4 మాత్రం ముఖం, జుట్టు, పచ్చబొట్లు, నగలు మార్చుకునే వీలిచ్చింది. కట్‌సీన్లలో మీ క్యారెక్టర్, వేసుకున్న గేర్‌తో (ఆర్మర్, ఆయుధాలతో) సహా, దగ్గరగా కనపడుతుంది కాబట్టి అక్కడ ఆ శ్రమ పూర్తిగా వృథా కాదు. అయినా అరగంట మించి పెట్టేంత పని కాదు.

ఎల్డెన్ రింగ్, నియో 2, మాన్‌స్టర్ హంటర్ లాంటి థర్డ్ పర్సన్ ఆటల్లో కెమెరా వెనకే ఉంటుంది. రోజంతా మీరు చూసేది వీపునే. అంటే జుట్టు వెనక నుంచి ఎలా ఉంది, కేప్ ఎలా ఊగుతోంది, నడుము దగ్గర ఆర్మర్ వికారంగా ఉబ్బిందా అన్నవే ముఖ్యం. క్రియేషన్ స్క్రీన్‌లో క్యారెక్టర్‌ని తిప్పి వెనక వైపు చూసుకోకుండా ఓకే కొట్టేవాళ్లే ఎక్కువ. ఇంకో చిన్న కిటుకు: ఆ స్క్రీన్‌లో వెలుతురు మార్చే బటన్ ఉంటే తప్పక వాడండి. మెత్తటి వెలుతురులో అందంగా ఉన్న చర్మం రంగు, ఎండలోకి రాగానే పాలిపోయినట్టు కనపడుతుంది.

పాత్ర కళ్లతోనే చూసే ఫస్ట్ పర్సన్ సంగతి వేరు. సైబర్‌పంక్ 2077లో మీకు కనపడేవి మీ చేతులు, స్లీవ్‌లు. పూర్తి మనిషి కనపడేది ఇన్వెంటరీలో, అద్దంలో, ఫోటో మోడ్‌లో, బండి నడిపేటప్పుడు. ఫోటోలు తీసుకునే సరదా ఉంటే బట్టల మీద శ్రద్ధ పెట్టండి, లేకపోతే గోళ్ల రంగు చాలు.

ఒక మినహాయింపు ఉంది. డ్రాగన్స్ డాగ్మాలో శరీర పరిమాణం చూపుకే పరిమితం కాదు. 2012 నాటి మొదటి ఆటలో బరువైన క్యారెక్టర్ ఎక్కువ సరుకు మోస్తుంది, తేలికైన క్యారెక్టర్‌కి స్టామినా త్వరగా కోలుకుంటుంది. పైగా మీరు తయారు చేసిన పాన్‌ని, అంటే మీ వెంట నడిచే తోడు పాత్రని, వేరే ప్లేయర్లు అద్దెకు తీసుకుంటారు. అంటే మీకన్నా మీ పాన్‌నే ఎక్కువమంది చూస్తారు. అక్కడ స్లైడర్ల మీద పెట్టిన టైమ్‌కి న్యాయం ఉంది.

గేర్ లుక్ నాలుగు దారుల్లో

మొదటి దారి పాతది: ఏది వేసుకుంటే అదే కనపడుతుంది. డయాబ్లో 2 అలాంటిదే. ఎల్డెన్ రింగ్ కూడా అంతే. ఎల్డెన్ రింగ్‌లో ఒక ఆర్మర్ లుక్‌ని ఇంకో ఆర్మర్ మీద వేసే పద్ధతి లేదు. సైట్ ఆఫ్ గ్రేస్ అనే విశ్రాంతి చోటు దగ్గరో, బాక్ అనే దర్జీ చేతనో కొన్ని డ్రెస్సుల కేప్ తీసేయించుకోవచ్చు, అంతవరకే. దీన్ని లోపం అనేవాళ్లున్నారు గానీ నేను ఒప్పుకోను. అక్కడ బరువుకీ లుక్‌కీ మధ్య బేరం ఆడటమే సరదా. మోసే సామర్థ్యంలో 30 శాతం కన్నా తక్కువ బరువుంటే తేలికపాటి రోల్ (దెబ్బ తప్పించుకునే పల్టీ), 70 శాతానికి లోపు ఉంటే మామూలు రోల్, అది దాటితే నేల మీద దొర్లినట్టే ఉంటుంది. మీకు నచ్చిన పెద్ద ఛాతీ కవచం వేస్తే 72 శాతం అయిందనుకోండి. హెల్మెట్ తీసేసి బోడి తలతో తిరుగుతారా, బరువు మోసే శక్తినిచ్చే ఎండ్యూరెన్స్‌ని రెండు మెట్లు పెంచుతారా, చేతికవచాలు తేలికవి వేస్తారా? చాలాసార్లు చేతికవచాలు మార్చడమే మంచి బేరం. వెనక నుంచి చూసే కెమెరాకి అవి పెద్దగా ఆనవు. పీసీలో లుక్ మార్చే మాడ్స్ (ప్లేయర్లు చేసిన మార్పు ఫైళ్లు) దొరుకుతాయి గానీ, వాటి కోసం మోసాన్ని పట్టుకునే యాంటీ చీట్‌ని ఆపేసి ఆఫ్‌లైన్‌లో ఆడాలి. మాడ్ పెట్టుకుని ఆన్‌లైన్‌కి వెళ్లే పని మాత్రం చేయకండి.

రెండోది ట్రాన్స్‌మాగ్. స్టాట్స్ ఒక ఐటమ్‌వి, రూపం ఇంకోదానిది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2011 చివర్లో 4.3 ప్యాచ్‌తో (అప్‌డేట్‌తో) వచ్చాక దీనికి గిరాకీ పెరిగింది. డయాబ్లో 3లో 2014 నాటి రీపర్ ఆఫ్ సోల్స్ అనే అదనపు భాగంతో, గ్రిమ్ డాన్‌లో 2017 నాటి యాషెస్ ఆఫ్ మాల్మత్ అనే అదనపు భాగంతో వచ్చింది. గ్రిమ్ డాన్‌లో ఇల్యూజనిస్ట్‌కి కొంత ఐరన్ ఇవ్వాలి, నియో 2లో కమ్మరికి డబ్బివ్వాలి. రెండూ ఆటలో దొరికే డబ్బే కాబట్టి పెద్ద లెక్క కాదు.

డయాబ్లో 4లో ట్రాన్స్‌మాగ్‌కి ఖర్చే లేదు, కానీ ఒక మెలిక ఉంది. ఐటమ్‌ని కమ్మరి దగ్గర సాల్వేజ్ చేస్తేనే (విడగొట్టిస్తేనే) దాని లుక్ మీ వార్డ్‌రోబ్‌లో చేరుతుంది. అమ్మేస్తే చేరదు. కొత్తవాళ్లు గోల్డ్ కోసం అన్నీ అమ్మేసి, తర్వాత వార్డ్‌రోబ్ ఎందుకు ఖాళీగా ఉందని అడుగుతుంటారు. ఐటమ్ మీద కర్సర్ పెడితే, సాల్వేజ్ చేస్తే కొత్త లుక్ వస్తుందని టూల్‌టిప్‌లోనే రాసుంటుంది. ఆ లైన్ ఉన్నంతవరకు దాన్ని అమ్మకండి, ఎంత చెత్త ఐటమ్ అయినా సరే. హాగ్వార్ట్స్ లెగసీ ఈ తలనొప్పి పెట్టదు. ఒకసారి దొరికిన డ్రెస్ లుక్, దాన్ని అమ్మేసినా మీ దగ్గరే ఉంటుంది. అక్కడ గేర్ స్లాట్లు తక్కువ కాబట్టి అదే సరైన పద్ధతి కూడా. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ మరీ పిసినారి: ఆర్మర్‌ని లెవల్ 9 దాకా తీసుకెళ్తే గానీ దాని లుక్ మార్చనివ్వదు. ఆట మొత్తం ఒక రూపంలో ఆడి, చివర్లో అలంకరించుకోమన్నట్టు.

మూడో దారి, లుక్‌నీ గేర్‌నీ పూర్తిగా వేరు చేసేయడం. మాన్‌స్టర్ హంటర్‌లో లేయర్డ్ ఆర్మర్ ఇలాంటిదే. అసలు ఆర్మర్ సెట్ మార్చినా పైన కనపడేది మారదు. వేట వేటకీ స్కిల్స్ మార్చుకునే ఆటకి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్‌లో ఇంకో మేలు జరిగింది: ఆడ హంటర్ ఆర్మర్, మగ హంటర్ ఆర్మర్ అన్న గీత తీసేశారు, ఎవరు ఏదైనా వేసుకోవచ్చు. సైబర్‌పంక్ కూడా ఈ దారికే వచ్చింది. 2022లో 1.6 ప్యాచ్‌తో ఆరు డ్రెస్ సెట్లు దాచుకునే వార్డ్‌రోబ్ ఇచ్చారు. 2023లో 2.0 ప్యాచ్‌తో బట్టలకున్న ఆర్మర్ విలువని చాలావరకు సైబర్‌వేర్‌కి (ఒంట్లో అమర్చుకునే యంత్రాలకి) మార్చేశారు. మొదట్లో మంచి స్టాట్స్ కోసం రంగురంగుల టోపీ, బురద ప్యాంటు కలిపి వేసుకుని సీరియస్ సీన్లలో నిలబడ్డవాళ్లకి అది పెద్ద ఊరట.

నాలుగోది షాపు. పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఉచితం, దాని ఆదాయంలో కాస్మెటిక్స్ (లుక్ మాత్రమే మార్చే అలంకరణలు) ఒక పెద్ద భాగం. ఒక సంగతి మెచ్చుకోవాలి: కొన్నది అకౌంట్‌కి చెందుతుంది, కొత్త లీగ్‌లో (సీజన్‌లో) కొత్త క్యారెక్టర్ మొదలుపెట్టినా పోదు. మొదటి ఆటలో కొన్న వాటిని పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2లోనూ వాడుకునేలా ఏర్పాటు చేశారు. మూడు నాలుగు నెలలకోసారి అంతా మొదటినుంచి ఆడే ఆటలో ఇది చిన్న విషయం కాదు. కొనాలనుకుంటే రెక్కలు లేదా ఆయుధం ఎఫెక్ట్ కొనండి, హెల్మెట్ కొనకండి. కారణం మళ్లీ కెమెరానే. స్కిల్ ఎఫెక్ట్ కొనేముందు మాత్రం వీడియోలో చూడండి. కొన్ని ఎంత మెరుస్తాయంటే, కింద బాస్ వేసిన ప్రమాదపు వలయం కనపడక చస్తారు. డబ్బిచ్చి చావు కొనుక్కున్నట్టు.

ఈ నాలుగింట్లో నాకు నచ్చింది మూడోది, రెండోది దాని తర్వాత. అయితే లుక్ కోసం ఆట ఎంచుకునేవాళ్లు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆ ఆటలో గేర్ ఎన్నాళ్లకోసారి మారుతుంది? గంటకోసారి మారితే ట్రాన్స్‌మాగ్ లేకపోతే చిరాకు. ఇరవై గంటలకోసారి మారితే అది లేకపోయినా ఏమీ కాదు.

తర్వాత మార్చుకోవచ్చా?

ఇది చూడకుండా స్లైడర్లు ముట్టుకోకండి. ఎల్డెన్ రింగ్‌లో రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో ఉన్న అద్దం దగ్గర ఎన్నిసార్లయినా ఉచితంగా మార్చుకోవచ్చు, అందుకని మొదట్లో ఏదో ఒక ప్రీసెట్‌తో (రెడీమేడ్ ముఖంతో) వెళ్లిపోయినా నష్టం లేదు. సైబర్‌పంక్‌లో 1.5 ప్యాచ్ నుంచి ఇంట్లో అద్దం ముందు నిలబడి మార్చుకోవచ్చు. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ అలా కాదు. జుట్టు, మేకప్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ముఖం ఆకారం మొత్తం మార్చాలంటే వోచర్ కావాలి. ఒకటి ఉచితంగా ఇస్తారు, ఆ తర్వాత కొనాలి. కాబట్టి అక్కడ దవడ, కళ్ల దూరం లాంటివి మొదటే తేల్చుకుని, గీతలు రంగులు తర్వాతకి వదిలేయండి. డ్రాగన్స్ డాగ్మా 2 విడుదలైనప్పుడు రూపం మార్చుకునే ఐటమ్‌ని డబ్బిచ్చి కొనే డీఎల్‌సీగా కూడా పెట్టారని పెద్ద గొడవ జరిగింది. నిజానికి అదే ఐటమ్ ఆటలో సంపాదించే రిఫ్ట్ క్రిస్టల్స్‌తో దొరుకుతుంది.

స్లైడర్లంటే టెన్షన్ పడేవాళ్లకి నియో 2లో షేర్ కోడ్‌లున్నాయి. వేరేవాళ్లు చేసిన ముఖాన్ని కోడ్ కొట్టి తెచ్చుకుని, జుట్టు మార్చుకుంటే చాలు.

అసలు టైమ్ పెట్టాల్సింది: నేల మీద లూట్

పైనుంచి చూసే ఆటల్లో ఎండ్‌గేమ్‌కి, అంటే కథ అయిపోయాక ఆడే భాగానికి, వచ్చేసరికి మీరు క్యారెక్టర్ కన్నా ఐటమ్ పేర్లనే ఎక్కువ చూస్తారు. ఇక్కడ ఆటలు ఒకదానికొకటి చాలా దూరం.

పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో ఫిల్టర్ అంటే ఒక టెక్స్ట్ ఫైల్. అందులో బ్లాకులుంటాయి. ప్రతి బ్లాక్ ‘చూపించు’ లేదా ‘దాచు’ అని మొదలవుతుంది, తర్వాత ఏ ఐటమ్‌కి వర్తిస్తుందో షరతులు, ఆ తర్వాత ఎలా కనపడాలో వివరాలు. అక్షరాల సైజు 18 నుంచి 45 వరకు పెట్టుకోవచ్చు. వెనక రంగు, అంచు రంగు, మినీమ్యాప్ మీద గుర్తు, ఆకాశంలోకి లేచే వెలుగు గీత, పడగానే మోగే శబ్దం అన్నీ మీ చేతిలోనే. ఆట ఫైల్‌ని పైనుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయిన బ్లాక్ దగ్గరే ఆగిపోతుంది. ‘అరుదైన బూట్లన్నీ దాచు’ అని పైన రాసి, ‘ఈ రకం బూట్లు పెద్ద అక్షరాల్లో చూపించు’ అని కింద రాస్తే రెండోదానికి వంతే రాదు. ఫిల్టర్ పనిచేయట్లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

అదంతా మీరే రాయక్కర్లేదు. అందరూ వాడేది నెవర్‌సింక్ ఫిల్టర్. సాఫ్ట్ నుంచి ఊబర్ ప్లస్ స్ట్రిక్ట్ దాకా ఏడు మెట్లున్నాయి. కథ ఆడేటప్పుడు సాఫ్ట్ లేదా రెగ్యులర్, మ్యాప్స్ (ఎండ్‌గేమ్‌లో ఆడే ప్రాంతాలు) మొదలయ్యాక సెమీ స్ట్రిక్ట్, బిల్డ్ (మీ స్కిల్స్, గేర్ కూర్పు) గట్టిపడ్డాక ఇంకో మెట్టు. యూట్యూబర్ వాడుతున్నాడని మొదటిరోజే పై మెట్టుకి వెళ్తే కావాల్సిన కరెన్సీ కూడా కనపడక బీదగా మిగిలిపోతారు. ఏమేం దాగుతున్నాయో చూడాలంటే హైలైట్ కీ, అంటే మామూలుగా ఆల్ట్, నొక్కి పట్టుకోండి. దాచినవీ కనపడతాయి. ఒక్క మ్యాప్ తర్వాత అలా చూస్తే మెట్టు పెంచాలో తగ్గించాలో తెలిసిపోతుంది. ఇంకోటి, ఫైల్ డౌన్‌లోడ్ చేసుకునే బదులు మీ ఆట అకౌంట్ నుంచి ఆ ఫిల్టర్‌ని ఫాలో అవ్వండి. ఫాలో అయితే అప్‌డేట్ దానంతటదే వస్తుంది. చేత్తో దించుకున్న ఫైల్ ఎక్కడిదక్కడే ఉండిపోతుంది, కొత్త లీగ్ ఐటమ్స్ గురించి దానికి ఏమీ తెలియదు.

లాస్ట్ ఎపోక్‌లో ఫిల్టర్ ఆటలోనే ఉంది. మెనూ తెరిచి, రూల్ చేర్చి, టిక్కులు పెట్టుకోవడమే. ఇక్కడ కూడా పైనున్న రూల్‌దే పైచేయి. కానీ అసలు తేడా వేరే. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో రేర్ ఐటమ్స్ చాలావరకు గుర్తించకుండానే, అంటే లోపలి గుణాలు మూసే ఉండి, పడతాయి కాబట్టి, ఫిల్టర్‌కి కనపడేది బేస్ (ఐటమ్ మూల రకం), ఐటమ్ లెవల్ లాంటి పైపై వివరాలు. లాస్ట్ ఎపోక్‌లో గుర్తించడం అనే పనే లేదు, అందుకని లోపలి అఫిక్స్‌లూ (ఐటమ్‌కి అదనంగా వచ్చే గుణాలు) వాటి టియర్‌లూ (స్థాయిలు) చూసి ఫిల్టర్ చేయొచ్చు. మామూలు క్రాఫ్టింగ్‌లో (ఐటమ్‌ని మనమే మెరుగుపరిచే పనిలో) అఫిక్స్‌ని టియర్ 5 దాకానే పెంచగలం. 6, 7 నేల మీద దొరకాల్సిందే. అందుకని మీ బిల్డ్‌కి కావాల్సిన నాలుగైదు అఫిక్స్‌లు ఎంచుకుని, అవి టియర్ 6 లేదా అంతకన్నా పైన ఉంటే మెరిసే రంగులో చూపించమని ఒక రూల్ రాయండి. దాని కింద యునిక్‌లు, సెట్ ఐటమ్స్ చూపించే రూల్. అన్నిటికన్నా అడుగున, మిగతావన్నీ దాచమని ఒకటి. ఈ మూడు రూల్స్‌తోనే స్క్రీన్ శుభ్రపడుతుంది. మొదటిసారి ఫిల్టర్ నేర్చుకునేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ ఆటే చెబుతాను.

గ్రిమ్ డాన్‌ది ఇంకా సులువు, లోతు తక్కువ. అరుదుదనం, ఐటమ్ రకం లాంటి వాటికి టిక్కు పెడితే సరి. ఒంటరిగా నింపాదిగా ఆడే ఆటకి అది చాలు.

డయాబ్లో 4 విడుదలైనప్పుడు ఫిల్టర్ లేకుండానే వచ్చింది. 2024 మే నెలలో నాలుగో సీజన్‌తో వాళ్లు వేరే వైపు నుంచి వచ్చారు: పడే ఐటమ్స్‌నే తగ్గించి, ఒక్కో ఐటమ్ మీద అఫిక్స్‌ల సంఖ్యా తగ్గించారు. సెట్టింగ్స్‌తో కుస్తీ ఇష్టం లేనివాళ్లకి అదే నయం. నాకు మాత్రం ఏది చెత్తో నేనే చెప్పుకునే హక్కు ఉంటేనే బాగుంటుంది.

రంగులు తేడాగా కనపడేవాళ్లు, ముఖ్యంగా ఎరుపు ఆకుపచ్చ కలిసిపోయేవాళ్లు, ఏ ఫిల్టర్‌లోనైనా రంగుని నమ్ముకోకండి. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో మినీమ్యాప్ గుర్తుకి నక్షత్రం, త్రిభుజం, చతురస్రం లాంటి ఆకారాలున్నాయి, 16 రకాల శబ్దాలున్నాయి. విలువైన దానికి ఒక్కదానికే ఒక శబ్దం కేటాయించుకుంటే స్క్రీన్ వైపు చూడకపోయినా తెలుస్తుంది. కంటిచూపు మామూలుగా ఉన్నవాళ్లకీ ఇదే చెబుతాను.

తీసుకున్నాక టూల్‌టిప్ సంగతి. డయాబ్లో 4 ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ టూల్‌టిప్ అని రెండు టిక్కులుంటాయి, ఒకటి వివరాలకి, ఒకటి పోలికకి. రెండూ వేసుకోండి. ఒక అఫిక్స్ ఏ అంకె నుంచి ఏ అంకె దాకా రావచ్చో పక్కనే చూపిస్తుంది. క్రిటికల్ ఛాన్స్ 6 శాతం అని ఉంటే అది గొప్పదో నాసిరకమో మామూలుగా తెలియదు, పక్కన రేంజ్ కనపడితే ఒక్క చూపులో తేలిపోతుంది. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో ఇదే పని ఆల్ట్ నొక్కితే అవుతుంది. పోలికలో వచ్చే పచ్చ, ఎర్ర అంకెల్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. డ్యామేజ్ అంకె పెరిగిందని పచ్చగా చూపించిన ఆయుధం, మీ స్కిల్‌కి కావాల్సిన అఫిక్స్ పోగొట్టేసి ఉండొచ్చు.

ఏది ఎవరికి?

ముఖం చెక్కడమే మీ సరదా అయితే డ్రాగన్స్ డాగ్మా 2 లేదా నియో 2 తీసుకోండి. డ్రాగన్స్ డాగ్మా 2కి విడిగా ఒక ఉచిత క్యారెక్టర్ క్రియేటర్ కూడా ఇచ్చారు, ఆట కొనకముందే అందులో సరదా తీర్చుకోవచ్చు. డ్రెస్సులు సేకరించి మార్చి మార్చి వేసుకోవాలంటే మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్, కాస్త నెమ్మదైన ఆటైనా సరే అనుకుంటే హాగ్వార్ట్స్ లెగసీ. లూట్ ఏరడమే మీకు ఆట అయితే లాస్ట్ ఎపోక్‌తో మొదలుపెట్టి, అక్కడ ఫిల్టర్ చేయి తిరిగాక పాత్ ఆఫ్ ఎగ్జైల్‌కి వెళ్లండి. లుక్స్, లూట్ రెండూ ఒకే ఆటలో కావాలి, కానీ ఏదీ అతిగా వద్దు అంటే డయాబ్లో 4 దగ్గర ఆగిపోవచ్చు.

ఫ్రెండ్స్‌తో కలిసి ఆడేవాళ్లకి ఒక అదనపు ముక్క: నలుగురూ నల్లటి ఆర్మర్ మీద మెరుపులు వేసుకుంటే గుంపులో ఎవరు ఎవరో తెలియదు. ఒక్కొక్కరూ ఒక్కో రంగు పట్టుకోండి, హీలర్‌కి తెలుపో పసుపో వదిలేయండి. ఎవరి హెల్త్ తగ్గుతోందో బార్ వెతక్కుండానే మనిషి ఎక్కడున్నాడో కనపడుతుంది.